మాస్టారు తీసుకెళ్లని మోటుపల్లి

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసివ్వమని కమిటీ మిత్రులు అడిగినప్పుడు ముందు వద్దనే అన్నాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. వాణిజ్య పన్నుల శాఖలో గుమాస్తాగా చేరి, చెక్‌పోస్టుల్లో లారీలు ఆపి, ఆఫీసుల్లో ఖాతాలు తిరగేసి రిటైరైనవాణ్ణి. అయితే మోటుపల్లి సంగతి ఒకటి నలభై ఏడేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. దాన్ని చెప్పుకోవడానికి మన బడి సంచిక కంటే తగిన చోటు నాకు లేదు. అందుకని ఒప్పుకున్నాను.

మన సోషల్ మాస్టారు అందరికీ గుర్తుండే ఉంటారు. పేరు రాయనక్కర్లేదు, సైకిలు హ్యాండిల్‌కి కట్టిన చుట్ట మ్యాపు అంటే చాలు. ఏటా ఆయన ఒక మాట అనేవారు: "ఈసారి ఎక్స్‌కర్షన్‌కి మోటుపల్లి తీసుకెళ్తానర్రా, కాకతీయుల రేవు చూద్దురుగాని." ఒక ఏడు తలకు రెండు రూపాయలు వసూలు కూడా చేశారు. బస్సు కుదరలేదు. ఎవరి రెండు రూపాయలు వారికి లెక్కపెట్టి తిరిగిచ్చేశారు. తర్వాత మేం పదో తరగతి దాటిపోయాం. ఆయనా దాటిపోయారు.

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి మా బ్యాచ్ మిత్రుడొకడూ నేనూ వాడి కారులో బయలుదేరాం. రేపల్లె, బాపట్ల, చీరాల దాటి వేటపాలెంలో ఆగాం. ఒకటి జీడిపప్పు కోసం, రెండోది సారస్వత నికేతనం కోసం. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో ఓ గంట కూర్చుని పాత పత్రికలు తిరగేసి, మళ్లీ రోడ్డెక్కాం. చినగంజాం దగ్గర ఉప్పు కొటార్లు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. హైవే వదిలి సముద్రం వైపు తిరిగాక సరుగుడు తోటలు, తాడిచెట్లు, ఇసుక. మహానగరం చూడబోతున్నామని నేను, దారి తప్పామని వాడు.

నగరం కనబడదు. ముందే చెప్పేస్తున్నాను, ఎవరైనా హంపిలాంటిది ఊహించుకుని పిల్లల్ని తీసుకెళితే నన్ను తిట్టుకుంటారు. ఒక చిన్న ఊరు, పాత రాతి గుళ్లు, ఇసుక. వీరభద్రస్వామి ఆలయ మండపంలో నిలబడితే గాలి తప్ప చప్పుడు లేదు. ఒకప్పుడు ఇక్కడ అరబ్బు వర్తకుడూ చైనా సరుకూ ఓరుగల్లు సుంకరీ ఒక్కచోట కలిశారంటే నమ్మడం కష్టం. కానీ ఆధారాలు ఉన్నాయి. మోటుపల్లికి దేశీయుయ్యకొండ పట్టణమని ఇంకో పేరు ఉండేది. సంస్కృతంలో ముకుళపురం అన్నారు. పక్కనే ఉన్న చినగంజాంలో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి ఇరవై ఏడో పాలనా సంవత్సరం నాటి శాసనం దొరికింది. అంటే ఈ తీరానికి జనం రాకపోకలు కాకతీయులకు వెయ్యేళ్ల ముందునుంచే ఉన్నాయి. రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ వేసిన శాతవాహన నాణేలు మన పాఠ్యపుస్తకంలో చూసినవే. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా బృందం చైనా పింగాణీ పెంకులు వెదుకుతూ దక్షిణ భారతదేశపు రేవులన్నీ తిరుగుతూ మోటుపల్లికీ వచ్చింది.

ఇక్కడొక విషయం గుర్తుంచుకోవాలి. మన కోస్తాలో ఓడ తలదాచుకోవడానికి కొండల చాటున్న రేవులు తక్కువ. ఓడ ఎక్కడో లోతు నీళ్లలో లంగరు వేసి ఆగాలి. సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. కార్తీక మార్గశిరాల్లో వాయుగుండం పట్టిందంటే ఆ ఓడకి దిక్కులేదు. లంగరు తెగితే ఇసుక మీదికి కొట్టుకొచ్చి పగిలిపోతుంది. మోటుపల్లిలో చూడాల్సినదేదో తెలియాలంటే ఈ సంగతి ముందు తెలియాలి.

చూడాల్సింది మండపంలోని ఒక స్తంభం. దాని మీద కాకతి గణపతిదేవుడి శాసనం ఉంది. శక సంవత్సరం 1166, అంటే మన లెక్కలో 1244-45. లిపి తెలుగే అయినా ఏడువందల ఎనభై ఏళ్ల నాటి తెలుగు. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటే అక్కడక్కడా ఒక అక్షరం పలికింది. వాడైతే "నీ దస్తూరీ కంటే నయంరా" అన్నాడు. దీన్ని చదివి అచ్చు వేయించినవాడు హుల్ష్ అనే జర్మన్ పండితుడు. ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో ఉంది. అందులో ఏముందో నాకు తెలిసినంతలో చెబుతాను.

మొదట వంశ వర్ణన. తర్వాత అసలు విషయం. అన్ని ఖండాలకూ ద్వీపాలకూ పరదేశాలకూ పట్టణాలకూ పోయి వచ్చే సముద్ర వర్తకులకు గణపతిదేవుడు అభయం ఇస్తున్నాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి పోతున్న ఓడలు తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే, వాటిలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నింటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ఈయన మాత్రం దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ, ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని అంత ప్రమాదానికి తెగించి సముద్రం మీదికి వచ్చినవాళ్లకు, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాడట. కీర్తి కోసం అని దాచకుండా చెప్పుకోవడం నాకు నచ్చింది.

ఆ సుంకం ఎంతో కూడా రాయించాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒకటి. వందకు మూడూ ముప్పైమూడు పైసలు. నా సర్వీసంతా పన్ను రేట్లతోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను, ఇంత తక్కువ రేటూ ఇంత చిన్న షెడ్యూలూ నేనెక్కడా చూడలేదు. సరుకుల జాబితా చదువుతుంటే కిరాణా కొట్టూ సుగంధ ద్రవ్యాల కొట్టూ కలిపి తెరిచినట్టుంటుంది. చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. రాతి మీద చెక్కించడంలోనే తెలివుంది. రేటు అందరికీ కనబడేలా ఉంటే సుంకరి తన ఇష్టం వచ్చింది అడగలేడు. మా చెక్‌పోస్టుల్లో రేట్ల బోర్డు ఎప్పుడూ తలుపు వెనకే ఉండేది.

ఓడ పగిలితే సరుకు ఒడ్డువాడిదే అనుకోవడం అప్పట్లో ఒక్క మన తీరానికే పరిమితం కాదు. మార్కో పోలో కేరళ తీరంలో ఏళిమల గురించి చెబుతూ ఒక సంగతి రాశాడు. వేరే చోటికి పోతున్న ఓడ ఏదైనా దారి తప్పి అక్కడికి వస్తే జనం దోచేసుకునేవారట. నువ్వు ఇంకెక్కడికో వెళ్తున్నావు, దేవుడు నిన్ను మా దగ్గరికి పంపాడు, కాబట్టి నీ సొమ్ము మాదే అనేది వాళ్ల వాదన. అందులో తప్పుందని వాళ్లకు అనిపించదని కూడా రాశాడు. ఇంగ్లండులోనూ పగిలిన ఓడ సొమ్ము రాజుదే. 1275లో ఎడ్వర్డ్ రాజు కాలపు చట్టం దాన్ని కాస్త సడలించింది. ఓడలోంచి ఒక మనిషిగాని, కుక్కగాని, చివరికి పిల్లిగాని ప్రాణాలతో బయటపడితే అది దిక్కులేని సొమ్ము కింద రాదు. ఏడాదీ ఒక రోజూ దాచి ఉంచాలి, ఈలోపల సొంతదారు వచ్చి రుజువు చూపిస్తే ఇచ్చేయాలి. మోటుపల్లి శాసనం దానికి ముప్పై ఏళ్లు పెద్దది. పిల్లి బతికి బయటపడాలనే షరతు కూడా లేదు.

గణపతిదేవుడికి ఈ దయ ఎలా పుట్టిందో శాసనం చెప్పదు. వర్తకులు రావాలి, గుర్రాలు రావాలి, ఖజానా నిండాలి, అది ఉండనే ఉంది. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. ఆయన రాణులు నారమాంబ, పేరమాంబ దివిసీమ ఆడపడుచులు. 'నృత్త రత్నావళి' రాసిన జాయప సేనాని తోబుట్టువులు. అంటే రాజుగారి అత్తవారిది దివి. ఉప్పెన అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇది చరిత్ర కాదు, నా ఊహ మాత్రమే.

దివి అనగానే మా వయసువాళ్లకు 1977 నవంబరు 19, శనివారం గుర్తొస్తుంది. అధికారిక లెక్కలే పదివేల దాకా చెప్పిన ఆ చావుల గురించి ఇక్కడ మళ్లీ రాయను. మీలో చాలామంది ఇళ్లలో ఉన్న సంగతే. మన బడి పెంకులు లేచిపోయాయి. మళ్లీ బడి తెరిచినప్పుడు తొమ్మిదో తరగతి వేపచెట్టు కింద కూర్చుంది. కొన్ని చోట్లు ఖాళీగా ఉన్నాయి. మాస్టారు హాజరు పిలవలేదు. ఆ రోజు సిలబస్ ప్రకారం ఏ పాఠం రావాలో నాకు గుర్తులేదు గాని ఆయన చెప్పింది మాత్రం గణపతిదేవుడి అభయ శాసనం. తుఫానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన సొమ్ము ఎవరిది అని అడిగారు. ఎవరం చెప్పలేదు. ఆయనే జవాబు చెప్పి, మోటుపల్లి ఎక్కడుందో మట్టిలో పుల్లతో గీసి చూపించారు. నేను తలెత్తి చూడలేదు.

ఎందుకంటే తుఫాను వెలిసిన నాలుగో రోజున మా నాన్నా నేనూ డ్రెయిను గట్టున తుమ్మకంపలో ఇరుక్కున్న చెక్కపెట్టె ఒకటి ఇంటికి మోసుకొచ్చాం. ఎవరూ చూడకుండా పొద్దు వాలాక వెళ్లాం. బురదలో రెండుసార్లు జారిపడ్డాను. పెట్టె బరువుకి కావిడి బద్ద విరిగింది. "దేవుడు మన వాకిట్లోకి పంపించాడు, వద్దంటామా" అన్నాడు నాన్న. మార్కో పోలో రాసింది చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు బయటికి వెళ్లి కూర్చున్నాను.

పెట్టెలో తడిసిన చీరలు, రెండు ఇత్తడి గిన్నెలు, ఒక కంచు చెంబు, చంటిపిల్లాడి వెండి మొలతాడు ఉన్నాయి. చీరలు అమ్మ ఉతికి ఆరేసి, సహాయ శిబిరంలో కట్టుబట్టలతో ఉన్నవాళ్లకు ఇచ్చేసింది. గిన్నెలూ మొలతాడూ నాన్న గుంటూరు తీసుకెళ్లి అమ్మాడు. ఆ డబ్బుతోనే మా ఇంటి మీద తాటాకు వేయించాం. ఆ ఇంట్లో పడుకునే నేను పదో తరగతి పరీక్షకు చదివాను. చెంబు మాత్రం అమ్మలేదు. దాని మీద పేరు కొట్టించి ఉంది, ఊరు కూడా ఉంది. పేరున్న సామాను కొట్లో ఎక్కడిదని అడుగుతారు. "ఆ ఊరికి వెళ్లి అడుగుదాం" అంది అమ్మ ఒకసారి. "ఎవరు మిగిలారని ఇస్తావే" అన్నాడు నాన్న. నిజమే కావచ్చు. కాని మేం వెళ్లి చూడలేదు. అమ్మ ఆ చెంబుతో ఏనాడూ నీళ్లు తాగలేదు. అటక మీద గుడ్డలో చుట్టి పెట్టింది.

మా నాన్న చెడ్డవాడు కాడు. మూడెకరాల కౌలు, చేలో ఉప్పు, కప్పు లేని ఇల్లు, నలుగురు పిల్లలు. ఆ వారంలో డ్రెయిను గట్ల మీద మేం ఒక్కళ్లమే తిరగలేదు కూడా. మాస్టారు మా వీధి చివరే అద్దెకుండేవారు. మమ్మల్ని చూశారో లేదో ఈనాటికీ తెలియదు. చూసే ఆ పాఠం చెప్పారని పదిహేనేళ్ల వయసులో అనుకున్నాను. ఇప్పుడు, బహుశా మొత్తం క్లాసుకే చెప్పారనిపిస్తోంది.

మళ్లీ మోటుపల్లికి వస్తాను. గణపతిదేవుడి తర్వాత ఆయన కూతురు రుద్రమదేవి ఏలింది. మార్కో పోలో 'ముట్ఫిలి రాజ్యం' అన్నది మోటుపల్లి పేరుతో పిలిచిన కాకతీయ రాజ్యాన్నే. అక్కడ ఒక రాణి మొగుడు పోయాక నలభై ఏళ్లుగా ధర్మంగా పాలిస్తోందని రాశాడు. కూతుర్ని భార్య చేశాడు. ఏళ్ల లెక్కా తప్పే. ఆయన మన సముద్రం మీదుగా పోయిన 1290ల నాటికి ఆమె బతికి లేదనడానికి నల్లగొండ వైపు చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం సాక్ష్యం. వజ్రాల లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా పైకి తెచ్చేవని రాసిన కథ అంతకు ముందు అరబ్బులు చెప్పుకున్నదే. సాలెగూడంత సన్నని బట్ట ఇక్కడ నేస్తారనీ, దాన్ని కట్టుకోవడానికి ఏ రాజైనా రాణి అయినా సంతోషపడతారనీ అన్నది మాత్రం నమ్ముతాను. చీరాల, వేటపాలెం మగ్గాల చప్పుడు వింటూ వచ్చినవాణ్ణి, నమ్మకేం.

నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది ఇదే ఊళ్లో ఉన్న ఇంకో శాసనం. 1358లో కొండవీటి అనపోతారెడ్డి వేయించినది. కాకతీయ రాజ్యం కూలి అప్పటికి ముప్పై అయిదేళ్లు. అనపోతారెడ్డి మళ్లీ వర్తకులకు అభయం ఇస్తున్నాడు. ఇష్టమున్నన్నాళ్లు ఉండండి, ఇష్టమైనప్పుడు వెళ్లండి, మీ సరుకు మీ ఇష్టం వచ్చినవాళ్లకు అమ్ముకోండి, బంగారం వెండి మీద సుంకం లేదు, కొడుకులు లేనివాడు చనిపోతే ఆస్తి లాక్కునే అపుత్రిక పన్ను తీసేస్తున్నాం. తమిళ వర్తకులకూ తెలియాలని తమిళంలోనూ చెక్కించారు. గణపతిదేవుడి మాట అలాగే నిలిచి ఉంటే నూట పద్నాలుగేళ్ల తర్వాత అదే రేవులో మళ్లీ అభయం చెక్కించాల్సిన పని ఏముంది? జీవో మళ్లీ మళ్లీ వచ్చిందంటే కింద అమలు కావడం లేదని మా ఆఫీసులో అందరికీ తెలిసిన విషయమే. నడుమ ఎన్ని ఓడలు పగిలాయో, ఎవరెవరు పెట్టెలు మోసుకుపోయారో ఏ రాయీ చెప్పదు. తర్వాతి కాలంలో గోలకొండ నవాబుల నాటికి పెద్ద రేవు పేరు మచిలీపట్నానికి పోయింది. మోటుపల్లి మీద ఇసుక పరుచుకుంది.

మధ్యాహ్నం గుడి నుంచి సముద్రం ఒడ్డుకు వెళ్లాం. పడవలు బోర్లించి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని, పాత పెంకులు ఏమైనా కనబడతాయా బాబాయ్ అని అడిగాను. "వానలు పడ్డాక దిబ్బల్లో బయటపడతాయి, మేం తొక్కుకుంటూ పోతాం" అన్నాడు. వెనక్కి వస్తుంటే నా మిత్రుడికి ఇసుకలో ఎర్రటి కుండపెంకు ఒకటి దొరికింది. అంచు మీద గీతలున్నాయి. నిన్నటిదో వెయ్యేళ్లదో మాకేం తెలుసు. వాడు దాన్ని జేబులో వేసుకోబోతుంటే "ఒరేయ్, ఇక్కడిది ఇక్కడే ఉండనీ" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. "మరి మీ అటక మీది చెంబో?" అన్నాడు.

నలభై ఏడేళ్లలో ఆ చెంబు సంగతి నేను చెప్పింది వాడొక్కడికే, అదీ ఎప్పుడో హాస్టల్ రోజుల్లో. వాడు మర్చిపోయాడనుకున్నాను. పెంకు ఇసుకలో పడేసి కారు దగ్గరికి నడిచాడు. చీరాల దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ టీ తాగుతుంటే వాడే అన్నాడు, "ఆ ఊరి పిల్లలు మన బళ్లో చదివారు కదరా" అని.

చదివారు. తుఫానుకు ముందూ చదివారు, తర్వాతా చదివారు. అందుకే ఈ వ్యాసం ఈ సంచికలో రాస్తున్నాను. నాన్న పోయి పద్దెనిమిదేళ్లయింది, అమ్మ పోయి ఆరేళ్లు. చెంబు ఇప్పుడు నా దగ్గరుంది. కంచుది, శేరున్నర నీళ్లు పట్టేది, మెడ చుట్టూ తీగ చెక్కడం ఉంది, అడుగున ఒక చిన్న నొక్కు. పేరూ ఊరూ ఇక్కడ రాయడం లేదు. 1977 ఉప్పెనలో మీ ఇంటి పెట్టె కొట్టుకుపోయి ఉంటే, అందులో పేరు కొట్టించిన కంచు చెంబు ఉండేదని మీ పెద్దవాళ్లు చెప్పుకోగా విని ఉంటే, ఆ పేరు ఏమిటో సంఘం కార్యదర్శిగారికి చెప్పండి. ఆయన దగ్గర నా ఫోన్ నంబరు ఉంది. మొలతాడు, గిన్నెల వెల ఎంతో కంసాలి చేత లెక్క కట్టించి పక్కన పెట్టాను. స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు చెంబు నాతో తెస్తాను. పాత తొమ్మిదో తరగతి గదిలో, రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఉంటాను.